దేవుడికి కరెంటు కనెక్షన్ ఎక్కడిది? సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో మతం, నాస్తికత్వం, మానవవాదం

అంతరిక్షంలో పోతున్న ఓడను ఒక పెద్ద ఆకుపచ్చ చెయ్యి వచ్చి పట్టుకుంటుంది. నిజంగానే చెయ్యి, అయిదు వేళ్లతో సహా. ఆ చేతి సొంతదారు పక్క గ్రహం మీద గుడి దగ్గర ఉంటాడు. పేరు అపోలో. ఒకప్పుడు గ్రీకులు కొలిచింది నన్నే, మీరూ ఇక్కడే ఉండి నన్ను కొలుచుకోండి అంటాడు. కెప్టెన్ కిర్క్ ఒప్పుకోడు. అతని మనుషులు కూపీ లాగితే, అయ్యవారి మహిమ అంతా ఆ గుడిలోంచి వస్తోందని తేలుతుంది. అంటే కరెంటు కనెక్షన్ అక్కడుందన్నమాట. ఓడలోంచి ఆయుధాలు ఎక్కుపెట్టి గుడిని కాల్చేస్తారు. గుడితోపాటే మహిమా పోతుంది.

ఇది 1967 సెప్టెంబర్‌లో వచ్చిన స్టార్ ట్రెక్ ఎపిసోడ్. ఆ సీరియల్ నాస్తిక సీరియల్ అని వాదించేవాళ్లు ఇలాంటివే చూపిస్తారు. అయితే ఇదే ఎపిసోడ్‌లో కిర్క్ నోట ఒక మాట ఉంది. మనుషులకు దేవుళ్లతో పనిలేదు అంటాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ వెంటనే, ఉన్న ఆ ఒక్కడూ మాకు సరిపోతాడు అంటాడు. మొదటి ముక్క విని నాస్తికుడు చప్పట్లు కొడితే, రెండో ముక్క విని చర్చికి వెళ్లే ప్రేక్షకుడు సర్దుకుని కూర్చుంటాడు. అరవై ఏళ్లుగా నడుస్తున్న గొడవంతా ఆ రెండు ముక్కల మధ్యే ఉంది.

ఓటీటీల పుణ్యమా అని ఈ పాత సీరియళ్లన్నీ ఇప్పుడు మన ఇళ్లల్లోకి వచ్చాయి. చూసినవాళ్లు ఒకరు ఇది మతాన్ని వెక్కిరిస్తోందంటారు, ఇంకొకరు చివరికి దేవుడే గెలిచాడు చూశారా అంటారు. ఇద్దరూ ఒకే సీరియల్ గురించి మాట్లాడుతుంటారు. అందుకని ముందు మాటలు తేల్చుకుందాం.

నాస్తికుడంటే ఎవరు, సెక్యులర్ అంటే ఏమిటి

నాస్తికుడు అంటే ఇవాళ మనం దేవుడు లేడనేవాడు అనుకుంటాం. పాత దర్శన గ్రంథాల్లో లెక్క వేరు. వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు నాస్తికుడు. అందుకే సృష్టికర్త అవసరం లేదన్న సాంఖ్యులూ పూర్వమీమాంసకులూ ఆస్తికుల జాబితాలో కూర్చున్నారు. బౌద్ధులు, జైనులు, చార్వాకులు నాస్తికులయ్యారు. సృష్టికర్త లేడనే వాదానికి నిరీశ్వరవాదం అన్నది కచ్చితమైన మాట. ఈ వ్యాసంలో మాత్రం నాస్తికత్వాన్ని ఇవాళ్టి అర్థంలోనే వాడుతున్నాను.

మానవవాదం ఇంకో అడుగు. అపార్ట్‌మెంట్ లెక్కలో చెబితే సులువు. ఈ బిల్డింగుకి ఓనరంటూ ఎవరూ లేరు అనడం నాస్తికత్వం. సరే లేడు, మరి మోటార్ కాలిపోతే ఎవరు బాగు చేయించాలి, మెట్లెవరు కడగాలి, మూడో ఫ్లోర్ ముసలావిడకి మందులెవరు తెచ్చిపెట్టాలి అని ఉన్నవాళ్లే కూర్చుని తేల్చుకోవడం మానవవాదం. మొదటిది ఒప్పుకుని రెండోదాని జోలికి పోనివాళ్లు ఉంటారు. ఓనర్ ఉన్నాడని నమ్ముతూనే మోటార్ మాత్రం మనమే బాగు చేసుకోవాలి అనేవాళ్లూ ఉంటారు. కాబట్టి రెండూ ఒకటి కావు.

దీనికి ముందు 'సెక్యులర్' తగిలించేసరికి మనకు ఇంకో తికమక. 1976లో 42వ సవరణతో మన రాజ్యాంగ పీఠికలోకి వచ్చిన ఆ మాటకు లౌకిక అంటాం. మన రాజకీయాల్లో దానికి అర్థం అన్ని మతాలనూ ఒకేలా చూడటం. సెక్యులర్ హ్యూమనిజంలో ఆ అర్థం లేదు. మంచిచెడ్డలు తేల్చడానికి దేవుణ్ణో గ్రంథాన్నో ఆధారం చేసుకోకుండా, మనిషి అనుభవం నుంచీ ఆలోచన నుంచీ తేల్చుకోవడం అని అక్కడ దాని అర్థం. ఎం.ఎన్. రాయ్ నవ్య మానవవాదం చదివిన తెలుగువాళ్లకు, గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో పెట్టి తర్వాత విజయవాడకు మార్చిన నాస్తిక కేంద్రం గురించి తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఇంకొక్క జాగ్రత్త. సీరియల్ రాసినాయన ఏం నమ్ముతాడు, ఆ కథాలోకంలో నిజంగా ఏముంది, అందులో పాత్రలు ఏం నమ్ముతాయి, ఈ మూడూ వేరువేరు. నాస్తికుడు రాసిన కథలో దేవుడు నిజంగా ఉండొచ్చు. కథలో దేవుడు లేకపోయినా అతన్ని నమ్మే పాత్రే అందరికంటే మంచిది కావచ్చు. మన వాదనల్లో సగం ఈ మూడింటినీ కలగలిపి చేసేవే.

1966లో గుడీ ఉంది, దండం పెట్టేవాళ్లూ ఉన్నారు

స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ బాప్టిస్ట్ కుటుంబంలో పెరిగి, కుర్రతనంలోనే చర్చికి దూరమైనవాడు. ఆయనదే పెత్తనమైతే ఓడలో మతం ఊసే ఉండేది కాదేమో. కానీ 1966లో సీరియల్ నడవాలంటే దాన్ని ప్రసారం చేసే టీవీ నెట్‌వర్క్ ఎన్‌బీసీ ఒప్పుకోవాలి, ప్రకటనలిచ్చేవాళ్లు ఒప్పుకోవాలి. స్కూలు పిల్లలు రోజూ చెప్పే జెండా ప్రతిజ్ఞలో 'దేవుడి నీడలో' అన్న మాటను అమెరికా 1954లో చేర్చింది. 1956లో 'దేవుణ్ణి నమ్ముతాం' అన్నదాన్ని జాతీయ నినాదం చేసుకుంది. అవతలివైపు సోవియట్ నాస్తికులు ఉన్నారు కాబట్టి ఇవతలివైపు దేవుడు దేశభక్తిలో భాగమైపోయాడు.

అందుకే మొదటి సీరియల్ చూస్తే, ఎంటర్‌ప్రైజ్ ఓడలో ఒక ప్రార్థనా మందిరం కనిపిస్తుంది. 1966 డిసెంబర్ ఎపిసోడ్‌లో అక్కడే ఒక పెళ్లి మొదలవుతుంది, యుద్ధం వచ్చి ఆగుతుంది, పెళ్లికొడుకు చనిపోతాడు. పెళ్లికూతురు మళ్లీ ఆ మందిరంలోనే నిలబడి ఉంటుంది. 1968లో ఇంకో కథ. రోమన్ సామ్రాజ్యం ఇరవయ్యో శతాబ్దం దాకా బతికిపోయిన గ్రహం ఒకటి. అక్కడి బానిసలు సూర్యుణ్ణి కొలుస్తున్నారనుకుంటారు మనవాళ్లు. చివర్లో ఓడలో సందేశాలు చూసే అధికారి ఉహురా రేడియోలు విని చెబుతుంది, అది ఆకాశంలో సూర్యుడు కాదు, దేవుడి కుమారుడు అని. ఇంగ్లీషులో ఆ రెండు మాటలూ ఒకేలా పలుకుతాయి కాబట్టి ఆ మెలిక. ఈ ఎపిసోడ్ చూసి స్టార్ ట్రెక్ మతవ్యతిరేకం అని ఎవరైనా అంటే వినడం కష్టం.

1987లో స్టార్ ట్రెక్ కొత్త సీరియల్ 'నెక్స్ట్ జనరేషన్' మొదలైనప్పుడు పరిస్థితి మారింది. ఈసారి పెద్ద నెట్‌వర్క్ లేదు, ఊరూరి స్టేషన్లకు నేరుగా అమ్మారు. రాడెన్‌బెరీ మాట చెల్లింది. ఇరవై నాలుగో శతాబ్దపు మనుషులకు ఆకలి లేదు, డబ్బు గోల లేదు, మతమూ లేదు. మతం కావాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని గ్రహాంతరవాసులకు అప్పగించారు. క్లింగాన్‌లకు ఉంటుంది, మనకు ఉండదు. 1991లో ఆయన 'ది హ్యూమనిస్ట్' పత్రికకు పెద్ద ఇంటర్వ్యూ ఇచ్చి తన తాత్వికత ఇదీ అని దాపరికం లేకుండా చెప్పారు. ఆ ఏడాది అక్టోబర్‌లోనే చనిపోయారు.

మింటాకా గ్రహం మీద ఒక రోజు

ఈ ధోరణిని ఒక్క కథలో చూడాలంటే 1989 అక్టోబర్‌లో వచ్చిన ఎపిసోడ్ చూడాలి. కాస్త వివరంగా చెబుతాను.

మింటాకా అనే గ్రహం మీద కంచుయుగపు జనం ఉంటారు. విల్లంబులు, గుడిసెలు. వాళ్లు తెలివైనవాళ్లు, దెయ్యాలనూ దేవుళ్లనూ నమ్మడం ఎప్పుడో మానేశారు. కొండ చరియలో దాక్కుని ఫెడరేషన్ (భూమి కూడా ఉన్న గ్రహాల కూటమి) పరిశోధకులు వాళ్లను గమనిస్తుంటారు. ఒకరోజు యంత్రం పాడై ఆ మరుగు తొలగిపోతుంది. లీకో అనే ఆయన తొంగిచూసి దెబ్బతిని పడిపోతాడు. డాక్టర్ క్రషర్ చూస్తూ ఊరుకోలేక ఓడలోకి తీసుకెళ్లి బతికిస్తుంది. స్పృహలోకి వచ్చేసరికి అతనికి కనిపించింది కెప్టెన్ పికార్డ్. జ్ఞాపకం చెరిపేద్దామని చూస్తే కుదరదు. ఊరికి తిరిగొచ్చి, పాత కథల్లో చెప్పిన పర్యవేక్షకుడు నిజంగానే ఉన్నాడు, పేరు పికార్డ్, చచ్చిన నన్ను బతికించాడు అని చెబుతాడు. లీకో భార్య అంతకుముందు వరదల్లో పోయింది. ఆయన ఆశ ఎటు తిరుగుతుందో మనం ఊహించుకోవచ్చు.

పరిశోధకుల్లో ఒకాయన సలహా ఇస్తాడు: నమ్మకం ఎలాగూ వచ్చేసింది, వదిలేస్తే ఇది ముదిరి మతయుద్ధాలవుతుంది, మీరే దేవుడిగా వెళ్లి నాలుగు మంచి ఆజ్ఞలు ఇచ్చి రండి. పికార్డ్ అదిరిపడతాడు. వేల ఏళ్ల కిందట వదిలించుకున్న చీకట్లోకి వాళ్లను మళ్లీ నెట్టమంటారా అని కోప్పడతాడు. ఊరి పెద్ద నూరియాను ఓడకు రప్పించి వివరిస్తాడు. మీ పూర్వీకులు గుహల్లో ఉండేవాళ్లు కదా, ఇప్పుడు మీకు గుడిసెలున్నాయి, విల్లంబులున్నాయి, ఆ గుహలవాళ్లు మిమ్మల్ని చూస్తే ఏమనుకుంటారు అని అడుగుతాడు. ఆమెకు అర్థమైనట్టే ఉంటుంది. అంతలోనే, వరదల్లో పోయిన మావాళ్లను బతికించు అంటుంది.

ఉపమానం ఓడిపోయింది. తర్కానికి తర్కం చెబితే సరిపోతుంది అనుకునే హేతువాదులందరూ ఈ సీన్ ఒకసారి చూడాలి.

అప్పుడు పికార్డ్ ఆమెను ఆస్పత్రి గదికి తీసుకెళ్తాడు. గాయపడ్డ పరిశోధకురాలు ఒకావిడ అక్కడ చనిపోతుంటుంది. డాక్టర్ ఎంత ప్రయత్నించినా ఆగదు. నూరియా కళ్లముందే ప్రాణం పోతుంది. నీ మనుషుల చావునే నువ్వు ఆపలేవన్నమాట అని ఆమెకు అప్పుడు తెలుస్తుంది. కింద లీకో మాత్రం ఇంకా నమ్మడు. బాణం ఎక్కుపెడతాడు. పికార్డ్ అడ్డుకోడు, నా చావుతోనే నీకు రుజువు దొరుకుతుందంటే కొట్టు అంటాడు. కూతురు ఓజీ తండ్రి చెయ్యి పక్కకు తోస్తుంది కాబట్టి బాణం గుండెకు కాక భుజానికి తగులుతుంది. రక్తం చూశాక గాని లీకోకు నమ్మకం కుదరదు. వెళ్లేముందు ఊరివాళ్లు పికార్డ్‌కు చేత్తో నేసిన ఒక గుడ్డ బహుమతిగా ఇస్తారు. తర్వాతి ఎపిసోడ్లలో అది ఆయన కుర్చీ మీద కనిపిస్తూ ఉంటుంది. దేవుడికి పెట్టే కానుకలా కాక, వచ్చినవాడికి పెట్టే పసుపుకుంకాల బట్టలా.

ఓడిపోయింది దేవుడా, దేవుడి వేషమా

ఈ ఎపిసోడ్ మీద రెండు వైపుల నుంచీ బలమైన మాటలున్నాయి.

మానవవాది అంటాడు: ఇందులో అసలు విషయం దేవుడు లేడన్నది కాదు. బాధ్యత ఎవరిదన్నది. దేవుడినని ఒప్పుకుంటే పికార్డ్‌కు పని సులువయ్యేది, వాళ్లకు ఆజ్ఞలు దొరికేవి. అయినా తన ప్రాణం పణంగా పెట్టి ఆ కుర్చీ వద్దన్నాడు. మోటార్ మీరే బాగు చేసుకోండి, నేను ఓనర్ని కాను అని చెప్పడం అది.

మతాన్ని నమ్మేవాడు అడిగే ప్రశ్న వేరు. పికార్డ్ దేవుడు కాదని మాకు ముందే తెలుసు కదా, ఇందులో మీరు ఓడించిందెవర్ని? కరెంటు కనెక్షన్ మీద నడిచే అపోలో దేవుడు కాదని పోపుగారికీ అభ్యంతరం ఉండదు. విగ్రహాల్ని, దొంగ దేవుళ్లను బద్దలుకొట్టడం యూదుల, క్రైస్తవుల, ముస్లింల గ్రంథాల్లోనే నిండా ఉంది. పైగా మతమంటే భయమూ అజ్ఞానమే అన్నట్టు పికార్డ్ మాట్లాడతాడు. ఓదార్పు, క్రమశిక్షణ, పాట, పండగ, సేవ ఏమైనట్టు?

నాకు ఈ రెండో ప్రశ్నలో సగం న్యాయంగానే అనిపిస్తుంది. తెర మీద ఓడిపోయేది ఎప్పుడూ వేషమే. మన దగ్గర హేతువాదులు నిప్పుల మీద నడిచి చూపించి, ఇందులో మహిమ లేదు, చర్మానికీ బొగ్గుకీ ఉన్న సంగతే అని వివరించారు. దానితో బాబా గుట్టు బయటపడుతుంది, దేవుడున్నాడా లేడా అన్నది అక్కడే ఉంటుంది. ఇక రెండో సగానికి వస్తే, వేషాన్ని గుర్తుపట్టే అలవాటు జనానికి రావడం చిన్న విషయమేమీ కాదు. సైన్స్ ఫిక్షన్‌కు చేతనైనది ఆ అలవాటు నేర్పడమే. ఎందుకంటే తెర మీద కనిపించి మాట్లాడి చెయ్యి చాపి ఓడను పట్టుకునే ఏ శక్తి అయినా, ఆ కథా రూపంలో మరో జీవి అయిపోతుంది. కొలతకు అందుతుంది. కొలతకు అందనిదాన్ని చూపించడానికి కెమెరా దగ్గర దారి లేదు.

నిరృతికి పట్టిన గతి

చిన్న పక్కదారి. 1997లో మొదలై పదేళ్లు నడిచిన 'స్టార్‌గేట్ ఎస్‌జీ-1'లో ఈ వేషమే మొత్తం కథ. మనిషి ఒంట్లో దూరే పాముల్లాంటి జీవులు ఈజిప్టు దేవుళ్లమని చెప్పుకుని జనాన్ని బానిసల్ని చేస్తాయి. చచ్చిపోయిన మతాలను వాడుకున్నారులే అనుకుంటాం. కాస్త ముందుకు చూస్తే నిరృతి కనిపిస్తుంది. అవును, మన నైరుతి మూలకు ఎవరి పేరు మీద ఆ పేరొచ్చిందో ఆ వేదకాలపు దేవతే. ఇక్కడ మనుషుల మీద ప్రయోగాలు చేసే విలన్. తర్వాత కాళి కూడా వచ్చిపోతుంది. మరి బైబిల్ దేవుడి సంగతో? 1999 ఎపిసోడ్ ఒకదాంట్లో టీల్క్ అనే పాత్ర తేల్చేస్తాడు: బైబిల్ చదివాను, అంత కరుణ చూపగలిగినవాడు ఆ పాముల్లో ఎవడూ లేడు. మిగతా దేవుళ్లంతా వేషగాళ్లే, ఇంటి దేవుడికి మాత్రం మినహాయింపు. ఎవరి ప్రేక్షకులు ఎవరో దీన్నిబట్టి తెలుస్తుంది.

పికార్డ్ అంత కంగారు పడాలా

మింటాకా కథకు 2017లో ఒక జవాబు వచ్చింది. సేత్ మెక్‌ఫార్లేన్ అనే నటుడు, రచయిత తీసిన 'ది ఆర్విల్' అనే సీరియల్‌లో. ఆయనా బాహాటంగా నాస్తికుడే. ఈ కథలో ఒక గ్రహం పదకొండు రోజులకోసారి మన విశ్వంలోకి వచ్చి మాయమవుతుంటుంది. మనకు పదకొండు రోజులు గడిస్తే అక్కడ ఏడు వందల ఏళ్లు. ఓడ అధికారి కెల్లీ అక్కడ ఒక పాపకు తగిలిన దెబ్బను యంత్రంతో మాన్పుతుంది. అంతే. వచ్చే పదకొండో రోజుకు ఆమె పేర గుళ్లు, ఆమె పేర శిక్షలు. తప్పు చేసిందో లేదో తేల్చడానికి మనిషి ఒంటి మీద గాటు పెట్టి, కెల్లీ మాన్పుతుందేమో చూద్దాం అంటుంటారు. ఆమె వెళ్లి మతపెద్దకు నిజం చెబుతుంది. ఆయన నమ్మి, బయటికి చెప్పబోతే ఆయన్నే చంపేస్తారు. కథ ఇంకాస్త నడిచాక, ఆ జనమే ఎదిగి అంతరిక్షానికి వస్తారు. వాళ్ల మాటేమిటంటే, మీరు కాకపోతే ఇంకొకరిని కొలిచేవాళ్లం, అది మా ఎదుగుదలలో ఒక దశ, మీరు అంత బాధపడక్కర్లేదు.

పైకి ఇద్దరూ ఒకే జట్టు. తేడా పెద్దదే. పికార్డ్ దృష్టిలో మతం ఒక ప్రమాదం, వెంటనే ఆపాలి. ఆర్విల్ దృష్టిలో అది పాలపళ్లలాంటిది, వాటంతటవే ఊడిపోతాయి. రెండో మాట వినడానికి ఉదారంగా ఉంటుంది గాని నమ్మేవాడికి అదే ఎక్కువ కోపం తెప్పిస్తుందనుకుంటాను. నువ్వు తప్పు అన్నవాడితో వాదించొచ్చు. నువ్వింకా చిన్నపిల్లాడివి అన్నవాడితో ఏం వాదిస్తాం?

దేవుళ్లు నిజంగానే ఉంటే: బజోర్ కథ

రాడెన్‌బెరీ పోయాక, 1993 జనవరిలో స్టార్ ట్రెక్‌లోనే ఇంకో సీరియల్ 'డీప్ స్పేస్ నైన్' మొదలైంది. ఇందులో వేషం అన్న సులువైన జవాబు పనిచేయదు. బజోర్ ప్రజలు యాభై ఏళ్లు పరాయి పాలనలో నలిగినవాళ్లు. మతమే వాళ్లను నిలబెట్టింది. వాళ్ల దేవుళ్ల పేరు ప్రవక్తలు. వాళ్లుండేది దివ్యాలయంలో. అక్కడి అంతరిక్ష స్టేషన్ కమాండర్ సిస్కో వెళ్లి చూస్తే ఆ దివ్యాలయం ఒక వార్మ్‌హోల్, నక్షత్రాల మధ్య అడ్డదారి. అందులో నిజంగానే జీవులున్నాయి. వాళ్లకు కాలమంటే నిన్న, నేడు, రేపు అన్న వరస లేదు. సిస్కో వాళ్లకు బేస్‌బాల్ ఆటతో కాలాన్ని వివరిస్తాడు. బంతి పడేదాకా ఏం జరుగుతుందో తెలియదు, అందుకే ఆడతాం అంటాడు. ఇప్పుడు వాళ్లు దేవుళ్లా, గ్రహాంతరవాసులా? రెండు పేర్లూ ఒకే వస్తువుకు అతుకుతున్నాయి. సైన్స్ ఆఫీసర్ ఒక పేరుతో పిలుస్తుంది, పూజారి ఇంకో పేరుతో. సిస్కో వాళ్ల దూత అని బజోర్ ప్రజలు నమ్ముతారు. ఆయనకది మెడకు తగులుకున్న ఇబ్బంది.

మొదటి సీజన్ చివర్లో స్కూలు గొడవ వస్తుంది. టీచరమ్మ కీకో వార్మ్‌హోల్ గురించి సైన్స్ పాఠం చెబుతుంటే విన్ అనే మతనాయకురాలు తలుపు దగ్గర నిలబడి, ప్రవక్తల పేరెత్తకుండా ఎలా చెబుతారు అంటుంది. సృష్టివాదాన్ని బడిలో చెప్పాలన్న లూసియానా చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసి అప్పటికి ఆరేళ్లు. చూసేవాళ్లకు ఇది ఎక్కడి మాటో తెలుసు. స్కూల్లో బాంబు పేలేదాకా వెళ్తుంది ఆ గొడవ. సిస్కో కొడుకు జేక్, ఈ నమ్మకాలన్నీ పిచ్చివి కదా నాన్నా అంటాడు. సిస్కో వెంటనే ఖండిస్తాడు. నీకు నమ్మకం లేనంత మాత్రాన అది తప్పు కాదు, అలా ఆలోచించడం మొదలుపెడితే అవతలి ఒడ్డున నిలబడ్డ విన్‌వి నువ్వే అవుతావు అంటాడు. పికార్డ్ కోపానికీ ఈ మాటకూ మధ్య నాలుగేళ్లు కూడా లేవు. అయితే సిస్కో పాఠాన్ని మార్చనివ్వడు. నమ్మకాన్ని గౌరవిస్తాడు, సిలబస్‌ను మాత్రం అప్పగించడు. మానవవాదం అంటే మతాన్ని వెక్కిరించడమే అనుకునేవాళ్లకు ఈ తేడా పట్టుబడదు.

మనకు ఇంకా దగ్గరగా తగిలేది 1996లో వచ్చిన కథ. రెండు వందల ఏళ్ల కిందటి కవి అకోరెమ్ వార్మ్‌హోల్‌లోంచి బయటపడతాడు. అసలు దూతను నేనే అంటాడు. సిస్కో హమ్మయ్య అనుకుని ఆ పదవి వదిలేస్తాడు. కవిగారి మొదటి పిలుపు: డిజారాలు మళ్లీ పాటించండి. డిజారా అంటే పుట్టిన కుటుంబాన్నిబట్టి పని. పరాయి పాలనలో అందరూ ఆయుధాలు పట్టాల్సి వచ్చి అది చెదిరిపోయింది. ఇప్పుడు సైన్యంలో మేజర్‌గా ఉన్న కీరాది కళాకారుల డిజారా. భక్తురాలు కాబట్టి ఉద్యోగం వదిలి బొమ్మ చేయబోతుంది. చేత కాదు. పోరాటమే తెలిసిన ఆ వేళ్లు మట్టితో ఏం చేయాలో తెలియక ఆగిపోవడం చూస్తే కులవృత్తి మీద పది ఉపన్యాసాలు అక్కర్లేదు. శవాల పని చేసే తక్కువ డిజారాలో పుట్టి పూజారి అయిన ఒకాయన, ఆ పదవి వదలనన్నందుకు సాటి పూజారి చేతిలోనే చనిపోతాడు. కులభేదం పాటించే లోకాన్ని ఫెడరేషన్ చేర్చుకోదని సిస్కో అందుకు ముందే చెబుతాడు.

ఇది ఎలా తెగిందో చూడండి. చర్చతో తెగలేదు, ఓటుతో తెగలేదు. సిస్కో, అకోరెమ్ ఇద్దరూ వార్మ్‌హోల్‌లోకి వెళ్లి ప్రవక్తలనే అడుగుతారు. దూత సిస్కోయే అని తేలుతుంది, కవి తన కాలానికి వెళ్లిపోతాడు. కులం తప్పా ఒప్పా అన్నది అక్కడ చర్చకే రాదు. మానవవాది ఇక్కడ పెదవి విరుస్తాడు, విరవాలి కూడా. దేవుళ్లు ఇంకోలా చెప్పి ఉంటే కీరా జీవితమంతా చేతకాని బొమ్మలు చేస్తూ కూర్చోవాల్సిందేనా?

1997లో ఈ ప్రశ్న ముదురుతుంది. 2,800 శత్రు ఓడలు వార్మ్‌హోల్‌లోంచి వస్తుంటాయి. సిస్కో ఒక్క ఓడతో ఎదురెళ్లి, దేవుళ్లమనిపించుకున్నారుగా, దేవుళ్లలా చేసి చూపించండి అని ప్రవక్తల మీద అరుస్తాడు. ఓడలు మాయమవుతాయి. మహిమ జరిగింది, యుద్ధం గట్టెక్కింది. విశ్వాసులకు ఇది ప్రార్థన ఫలించడం. విమర్శకులకు రచయిత చేతివాటం. నా మట్టుకు నాకు ఆ అరుపు నచ్చుతుంది, ఆ ఫలితం అంతగా నచ్చదు.

దేవుడే చేశాడంటే కథ అయిపోయినట్టేనా

స్టార్ ట్రెక్ రచయితల గదిలోనే పనిచేసిన రొనాల్డ్ మూర్ తర్వాత 'బ్యాటిల్‌స్టార్ గలాక్టికా'ను కొత్తగా తీశాడు. 1978 నాటి మూల సీరియల్ గ్లెన్ లార్సన్ అనే మోర్మన్‌ది (అమెరికాలో పుట్టిన ఒక మతశాఖ), కాబట్టి మతం దాని పునాదిలోనే ఉంది. మూర్ తిరగేశాడు. మనుషులు బహుదేవతల్ని కొలుస్తారు. మనుషులు చేసిన యంత్రాలు, సైలాన్లు, ఒకే దేవుణ్ణి నమ్ముతాయి. ఆ ఒక్క దేవుడి పేరు మీద మనుషుల్ని దాదాపు తుడిచిపెడతాయి. అమెరికా ప్రేక్షకుడికి అలవాటైన మతం శత్రువు నోట్లో పెట్టడం పెద్ద సాహసమే.

2009 మార్చిలో వచ్చిన ఆఖరి ఎపిసోడ్ మీద తగువు ఇంకా చల్లారలేదు. చనిపోయి తిరిగొచ్చిన స్టార్‌బక్ మాట్లాడుతూ మాట్లాడుతూ మాయమైపోతుంది. బాల్టర్ అనే శాస్త్రవేత్త ఊహ అనుకున్న మనిషి దేవుడి దూత అని తేలుతుంది. నాలుగు సీజన్లు ఆధారాలు ఏరుకున్నవాళ్లు, చిక్కుముడులన్నీ దేవుడి ఖాతాలో రాసేశారని తిట్టారు. సమర్థించేవాళ్లు మొదటి గంట నుంచీ దేవుడి పేరు వినిపిస్తూనే ఉందిగా, మీరు నమ్మలేదంతే అంటారు. రెండోవాళ్ల మాట నిజమే, ఆధారాలు దాచలేదు. ఇబ్బంది వేరేచోట ఉంది. తప్పులు చేసి, వాటి ఫలితం మోసి, మళ్లీ తప్పులు చేసే మనుషుల్ని ఇంత బాగా చూపించిన సీరియల్, చివర్లో ఇదంతా పైవాడి ప్రణాళిక అనేసరికి ఆ తప్పుల బరువు ఎవరిదో తెలియకుండా పోయింది.

నాస్తికుడు రాసిన సన్యాసి

రాసినవాడి నమ్మకం కథలోకి ఎలా వెళ్తుందో తెలుసుకోవాలంటే, రకరకాల జాతులు కలిసే ఒక అంతరిక్ష స్టేషన్ కథ 'బాబిలాన్ 5' చాలు. దాని సృష్టికర్త జె. మైఖేల్ స్ట్రజిన్‌స్కీ నాస్తికుడు, ఎక్కడా దాచలేదు. మొత్తం 110 ఎపిసోడ్లలో 92 ఆయనే రాశాడు. 1994 మొదట్లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ప్రతి జాతీ తన ప్రధాన మతాన్ని మిగతావాళ్లకు పరిచయం చేయాలి. భూమి వంతు వచ్చేసరికి కమాండర్ సింక్లెయిర్ ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి పరిచయం చేస్తూ పోతాడు. క్యాథలిక్, బౌద్ధుడు, ముస్లిం, యూదుడు... కెమెరా కదులుతూనే ఉంటుంది, వరుస తరగదు. ఆ వరుసలో మొట్టమొదటివాడు నాస్తికుడు. అతనూ అందరితోపాటు ఒకడే. మన సెక్యులరిజానికి ఇంతకంటే దగ్గరగా వచ్చిన సీన్ అమెరికా సైన్స్ ఫిక్షన్‌లో నేను చూడలేదు.

1995 నవంబర్‌లో ఆయనే ఎడ్వర్డ్ అనే సన్యాసి కథ రాశాడు. ఆ కాలంలో హంతకులకు ఉరి ఉండదు, మనసు తుడిచేస్తారు. పాత మనిషి పోయి, సేవ చేసే కొత్త మనిషి మిగులుతాడు. ఎడ్వర్డ్‌కు బైబిల్‌లో గెత్సెమనే తోట ఘట్టం ఇష్టం. పట్టుకోవడానికి వస్తున్నారని తెలిసి కూడా క్రీస్తు పారిపోకుండా ఉన్న రాత్రి. నాకైతే ఆ ధైర్యం ఉండేదా అని ఎప్పుడూ అనుకుంటుంటాడు. ఒకరోజు అతనికే తెలుస్తుంది, తుడిచేయకముందు తాను వరుస హత్యలు చేసినవాడినని. చనిపోయినవాళ్ల బంధువులు వెతుక్కుంటూ వస్తారు. అతను పారిపోడు. వాళ్లు అతన్ని శిలువకు కట్టినట్టు కట్టి చంపుతారు.

సింక్లెయిర్ తర్వాత స్టేషన్ బాధ్యత తీసుకున్న కెప్టెన్ షెరిడన్‌కు ఎడ్వర్డ్ అంటే అభిమానం. మఠం పెద్ద బ్రదర్ థియో అతనితో క్షమ గురించి మాట్లాడతాడు, చాలా కష్టమైన పని అంటాడు. కొన్నాళ్లకు థియో ఒక కొత్త సన్యాసిని వెంటబెట్టుకుని వస్తాడు. పేరు మాల్కం. ఎడ్వర్డ్‌ను చంపినవాడే. శిక్షగా అతని మనసూ తుడిచేశారు, ఇప్పుడు మఠంలో చేరాడు, ఏమీ గుర్తులేదు. కెప్టెన్‌ను కలిసినందుకు సంతోషంగా నవ్వి చెయ్యి చాపుతాడు. షెరిడన్ ఆ చేతికేసి చూస్తాడు. థియో షెరిడన్ కేసి చూస్తాడు, ఏమీ అనకుండా. అక్కడ ఏ ప్రవక్తా జోక్యం చేసుకోడు, ఓడలేవీ మాయం కావు. కాసేపు అలాగే ఉండి, షెరిడన్ తన చెయ్యి ముందుకు చాపుతాడు.